మూడో పనిమనిషి కెజీయా

మార్డల్ కోర్ట్ దివాణంలో ఎప్పుడూ 1881వ సంవత్సరమే. ఈస్టర్ నుంచి అక్టోబరు ఆఖరు దాకా, వారానికి ఐదు రోజులు, ఉదయం పదిన్నరకు గేటు తీయగానే మేం పన్నెండు మందిమి ఆ సంవత్సరంలోకి వెళ్లిపోయేవాళ్లం. దొరగారి కుటుంబం ఆ దివాణాన్ని నిలబెట్టుకోలేక ఒక ట్రస్టుకు రాసిచ్చి ముప్ఫై ఏళ్లయింది. ట్రస్టువాళ్లు మాకు పాతకాలపు గౌన్లూ టోపీలూ తొడిగి ఒకరిని వంటగదిలో, ఒకరిని గుర్రాల సాలలో, మమ్మల్నిద్దరినీ లాండ్రీలో నిలబెట్టారు. టిక్కెట్టు కొని వచ్చినవాళ్లు ఏమడిగినా ఆ కాలం మనుషుల్లాగే జవాబు చెప్పాలి. ఎవరైనా ఫోను చూపిస్తే, "ఇదేం అద్దమమ్మా, ఇంత నల్లగా ఉంది" అనాలి. తొమ్మిదేళ్లలో ఆ మాట నేను కొన్ని వేలసార్లు అని ఉంటాను.

మమ్మల్నిద్దరినీ అంటే నన్నూ, రోడా పిచ్‌ఫర్డ్‌నూ. నా పేరు మావిస్. రోడా నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. కోళ్ల ఫ్యాక్టరీలో పనిచేసేది, అది మూతపడ్డాక ఇక్కడ చేరింది. మొగుడు ఎప్పుడో వదిలేసి వెళ్లాడు. పిల్లల్లేరు. నాలుగు మైళ్ల అవతల ఊళ్లో, కౌన్సిల్ ఇచ్చిన చిన్న ఇంట్లో తల్లి ఈనిడ్‌తో ఉండేది.

పని మాత్రం నిజమైన పనే. రాగి కాగులో నీళ్లు మరగబెట్టి, సబ్బు తురిమి వేసి, దుప్పట్లను కర్రతో తిప్పి, రెండు చెక్క రోలర్ల మధ్య పెట్టి పిండేవాళ్లం. అరగంటకొక గుంపు, గుంపుకు పదిహేను మంది. నేను రోలరు తిప్పుతుంటే రోడా మాట్లాడేది. ఆమె మాట్లాడితే జనం కదిలేవారు కాదు. ఒకసారి ఒకావిడ మేజా గుడ్డ మీద వైన్ మరక ఎలా పోతుందని నిజంగానే సలహా అడిగింది. "దొరగారు తాగడం మానేస్తే పోతుందమ్మా. ఆ మాట నేను చెబితే నా ఉద్యోగం కూడా దాంతోపాటే పోతుంది" అంది రోడా. ఆ రోజు గది గదంతా నవ్వింది.

అంత బాగా చేసే కూతుర్ని చూడ్డానికి ఈనిడ్ తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. పనివాళ్ల ఇళ్లలో వాళ్లకు టిక్కెట్టు అక్కర్లేదు. నా కారులో తీసుకొస్తానని నేనే నాలుగుసార్లు అడిగాను.

"ఆ కొంపలో మనం చూడాల్సిందేమీ లేదు. మీకు జీతం ఇస్తున్నారు, మీరెళ్లండి" అనేది ముసలావిడ.

మొండిది అనుకుని ఊరుకున్నాం.

శీతాకాలం దివాణం మూసి ఉంటుంది. తొమ్మిదో ఏడు జనవరిలో, అటక మీద దొరికిన పాత పుస్తకాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి మనుషులు కావాలంటే రోడా వెళ్లింది. ఇంట్లో కూర్చుని అమ్మ దగ్గు లెక్కపెట్టేకన్నా నయం కదా అంది. ఆ పుస్తకాల్లో ఒకటి, ఆడ పనివాళ్లందరి మీదా పెత్తనం చేసిన హౌస్‌కీపరమ్మ రాసుకున్నది. అందులో 1881 నవంబరు నాలుగో తేదీ కింద రోడాకు ఈ వాక్యాలు కనబడ్డాయి: "కెజీయా పగ్. లాండ్రీలో మూడో పనిమనిషి. వయసు పదిహేడు. నడత మంచిది కాదు. సిఫారసు చీటీ లేకుండా పంపివేయడమైనది."

పగ్ అనేది ఈనిడ్ పుట్టింటి పేరు.

"మన వైపు వీధికిద్దరు పగ్‌లుంటారే, పిచ్చిదానా" అన్నాను నేను.

రోడా వినలేదు. జిల్లా రికార్డుల ఆఫీసుకు బస్సులో మూడుసార్లు తిరిగింది. దిక్కులేనివాళ్లను పెట్టి చాకిరీ చేయించుకునే వర్క్‌హౌస్ ఉండేది ఆ రోజుల్లో. దాని రిజిస్టరు తీయించింది. నవంబరు పదకొండున కెజీయా పగ్ చేరింది. ఫిబ్రవరిలో మగపిల్లవాడు పుట్టాడు. పేరు ఆల్బర్ట్. తండ్రి పేరు రాసే గడి ఖాళీ. ఆ తర్వాత రెండేళ్లకు కెజీయా క్షయతో పోయింది.

ఆల్బర్ట్ పగ్ ఎవరో రోడాకు వేరే చెప్పక్కర్లేదు. ఈనిడ్‌కు స్వయానా తాత. కంచెలల్లేవాడు. ఆయన ఫోటో వాళ్లింట్లో పొయ్యి పైన అరమీద ఉండేది.

రోడా ఆ కాగితాలు తీసుకెళ్లి తల్లి ముందు పెట్టింది. ఆ రోజు జరిగింది మర్నాడు నాకు చెప్పింది. ఈనిడ్ కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదట.

"ఎవరు తవ్వమన్నారే నిన్ను?"

"నీకు ముందే తెలుసా?"

"తాత చెప్పాడు. ఆ దొర రెండో కొడుకు. లాండ్రీ పక్కన బట్టలకు గంజి పెట్టే ఆ గదిలో, తలుపు గడియ పెట్టి. వర్క్‌హౌస్‌లో ఆమె పక్క మంచం మీదుండే ముసల్దానితో చెప్పుకుందట. అది తాతకు చెప్పింది."

"ఇన్నేళ్లూ నాకు చెప్పలేదేం? నేను ఆ గది పక్కనే కదమ్మా రోజూ నిలబడేది."

"ఎవరికీ చెప్పనని తాతకు మాటిచ్చాను. దొరికిన చోటే పెట్టేసి రా."

"సిగ్గుపడాల్సింది వాళ్లు. మనకెందుకు సిగ్గు?"

"మాటిచ్చిన మనిషి పోయాడు గానీ మాట పోలేదు" అని ఈనిడ్ లేచి టీ పెట్టుకోవడానికి వెళ్లిందట.

రోడా పది రోజులు ఊరుకుంది. లాండ్రీ అటకెక్కి, ఆ కాలపు ఆడపిల్లలు పడుకున్న మంచాలు ఉండే చోట కూర్చుని వచ్చేది. చివరికి మా మేనేజరు ఇమోజెన్ దగ్గరికి వెళ్లింది.

ఇమోజెన్‌కు ముప్ఫై నాలుగేళ్లు. చెడ్డమనిషి కాదు. మా పుట్టినరోజులు గుర్తుపెట్టుకుని కేకు తెచ్చేది. రోడా అడిగింది చాలా చిన్న కోరిక. లాండ్రీ ఆట ముగిశాక రెండు నిమిషాలు తనకివ్వాలి. టోపీ తీసేసి, ఈ గదిలో కెజీయా పగ్ అనే పదిహేడేళ్ల పిల్ల పనిచేసింది, ఆమెకు ఇలా జరిగింది, నేను ఆమె వంశంలో దాన్ని అని చెప్పుకోవాలి. అంతే. వింటూ వింటూ ఇమోజెన్ ఏడ్చేసిందట. రోడా చేతులు పట్టుకుని, "మీరు మాకు ఎంత విలువైంది ఇస్తున్నారో మీకు తెలియదు. నాకు వదిలేయండి" అంది. ఒక కాగితం ఇచ్చింది. రోడా సంతకం పెట్టింది. చదివావా అని నేనడిగితే, "అంత మంచిగా మాట్లాడే మనిషి ముందు కూర్చుని ఎలా చదువుతాం, నమ్మనట్టుంటుంది కదా" అంది.

ఈస్టర్‌కు వారం ముందు మా అందరినీ పిలిచి కొత్త నాటకం చదివి వినిపించారు. పేరు 'కెజీయా ప్రేమకథ'. కెజీయా వేషానికి ఫ్రేయా అనే ఇరవై రెండేళ్ల అమ్మాయిని బర్మింగ్‌హామ్ నుంచి తెచ్చారు. దొర రెండో కొడుకూ కెజీయా బట్టలారేసే మైదానంలో దుప్పట్ల మధ్య కలుసుకుంటారు. చీటీలు రాసుకుంటారు. పెద్దవాళ్లకు తెలిసిపోతుంది. ఆఖర్న కెజీయా మూట చంకన పెట్టుకుని, తలెత్తుకుని, కొత్త జీవితం వెతుక్కుంటూ గేటు దాటి వెళ్లిపోతుంది. చూసినవాళ్లు అక్కడి నుంచి నేరుగా టీ హోటల్లోకి నడవచ్చు. వర్క్‌హౌస్ మాట ఎక్కడా లేదు.

కెజీయా గురించి హౌస్‌కీపరమ్మకు చాడీ చెప్పే పెద్ద పనిమనిషి వేషం రోడాది.

చదవడం అయ్యాక అందరూ లేచారు. రోడా లేవలేదు. నేను తలుపు దగ్గరే ఆగాను.

"ఆమె ప్రేమించలేదు, ఇమోజెన్. గడియ పెట్టాడు. మీకు చెప్పాను కదా."

"చెప్పారు. నాకెంత బాధగా ఉందో. కానీ దానికి రాతపూర్వకంగా ఏదీ లేదు రోడా. ఒక కుటుంబం మీద ఆధారం లేకుండా అంత మాట అనలేం."

"ప్రేమకు మాత్రం ఏం రాత ఉంది?"

"పిల్లల్ని వెంటబెట్టుకుని సెలవు రోజున వస్తారు జనం. వాళ్ల ముందు ఆ సంగతి ఎలా పెట్టను? నిరుడు లాండ్రీకి ఎంత తక్కువమంది వచ్చారో మీకు తెలుసు. ఇది లేకపోతే ఈ ఏడు ఆ గదికి తాళమే. మీకూ మావిస్‌కూ నేనేం చెప్పాలి? ట్రస్టు ఒప్పుకుంది, పోస్టర్లు అచ్చయ్యాయి."

"నాకా వేషం ఎందుకిచ్చారు?"

"మీకన్నా బాగా ఎవరు చేస్తారు?" అంది ఇమోజెన్. అది ఆమె మెప్పుకోలుగానే అంది.

ఆ సాయంత్రం కారులో నేను రోడాను తిట్టాను. "మానెయ్. మీ అమ్మ ముత్తవ్వను తిట్టే వేషం నువ్వెయ్యడమేంటే? నీకు బుద్ధుందా?"

"మానేస్తే ఇంకెవరో చేస్తారు. ఉంటే కనీసం రోజూ ఆ పిల్ల గేటు దాకా పోయేటప్పుడు చూస్తూ ఉంటాను." మళ్లీ తనే, "మానేసి ఎక్కడికి పోను చెప్పు. కోళ్లు కూడా లేవుగా ఇప్పుడు" అంది.

చేసింది. నాకు ఇప్పటికీ ఆశ్చర్యం, ఎంత బాగా చేసిందో. తడి చేతులు ఏప్రానుకు తుడుచుకుంటూ వచ్చి, "అమ్మగారూ, ఈ పిల్ల మన లాండ్రీకే మచ్చ తెచ్చింది. నా కళ్లారా చూశాను" అనేది. దుష్టపాత్రను వెక్కిరించడానికి జనం బుస కొట్టేవారు. ఒక చిన్నపిల్ల, "మంత్రగత్తె" అని అరిచింది. ఇమోజెన్ ఆ రోజు రోడాను కౌగిలించుకుంది. జూన్‌కల్లా రోజుకు మూడాటలు. దివాణం అంగట్లో కెజీయా పగ్ పేరు కుట్టిన చేతి తువ్వాళ్లు, లావెండర్ సంచులు. రోడా ఇంట్లో ఈ సంగతులేవీ చెప్పలేదు. అమ్మకు కళ్లు సరిగా ఆనవు, పేపరు చదవదు, ఎలా తెలుస్తుందిలే అనుకుంది.

పక్కింటావిడ ఒక చేతి తువ్వాలు కొని ఈనిడ్‌కు బహుమతిగా తెచ్చింది. మీ వాళ్ల పేరే కదా, ఎంత గర్వంగా ఉండాలి మీకు అంటూ.

ఆగస్టులో ఒక బుధవారం పొద్దున, రోడాను ఎక్కించుకోవడానికి నేను వెళ్లేసరికి ఈనిడ్ మంచి కోటు వేసుకుని, చేతికర్రతో గుమ్మంలో నిలబడి ఉంది. వెనక రోడా మొహం సున్నంలా ఉంది.

"నన్నూ తీసుకుపో మావిస్" అంది ఈనిడ్. "తొమ్మిదేళ్ల నుంచి పిలుస్తున్నావుగా."

పదకొండున్నర ఆటకు ఆమెను రెండో వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. చుట్టూ నలభై మంది దాకా ఉన్నారు. ఈనిడ్ రెండు చేతులూ కర్ర మీద ఆన్చి కూర్చుంది. ఫ్రేయా దుప్పట్ల మధ్య పాట పాడింది, చీటీ చదువుకుని గుండెకు హత్తుకుంది. ఆ అమ్మాయి బాగానే చేస్తుంది, అబద్ధం చెప్పకూడదు. ఈనిడ్ అటు పెద్దగా చూడలేదు. గోడవైపు, గంజి గది తలుపువైపు చూస్తూ ఉంది. ఆ గదిలో మేం ఖాళీ బుట్టలు పెట్టుకునేవాళ్లం.

రోడా వంతు వచ్చింది. చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. "అమ్మగారూ" అని ఆగిపోయింది.

నేను రోలరు దగ్గర నిలబడి ఉన్నాను. ఆమె పెదాలు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. ఇదీ నాటకంలో భాగమే అనుకుని జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఈ క్షణాన నిజం చెప్పేస్తుందేమో అనుకున్నాను. టోపీ తీసి విసిరేస్తుందేమో, ఆ గంజి గది తలుపు తెరిచి చూపిస్తుందేమో. చెయ్యాలని నేను కోరుకున్నానా, వద్దని కోరుకున్నానా, ఇవాళ్టికీ చెప్పలేను. హౌస్‌కీపర్ వేషం వేసినావిడ నా వైపు చూసింది. నాకు అలవాటైన పని నేను చేశాను. గొంతు తగ్గించి, "ఈ పిల్ల మన లాండ్రీకే" అని అందించాను.

"ఈ పిల్ల మన లాండ్రీకే మచ్చ తెచ్చింది" అంది రోడా, తల్లి మొహంలోకి చూస్తూ. "నా కళ్లారా చూశాను."

జనం బుస కొట్టారు.

ఆట అయ్యాక చప్పట్లు చాలాసేపు మోగాయి. ఈనిడ్ ఫలానా అని ఎవరో ఫ్రేయాకు చెప్పినట్టున్నారు. ఆ అమ్మాయి గౌను ఎత్తిపట్టుకుని పరిగెత్తుకొచ్చి మోకాళ్ల మీద కూర్చుని, "మీ ముత్తవ్వ వేషం వేయడం నా అదృష్టమండీ" అంది. కళ్లల్లో నిజంగానే నీళ్లున్నాయి.

"ఏదీ, నీ చేతులు చూపించమ్మా" అంది ఈనిడ్. ఫ్రేయా చాపింది. ముసలావిడ ఆ వేళ్లను ఒక్కొక్కటే తడిమింది. "చక్కగా ఉన్నాయి. వెళ్లు తల్లీ, నీకు మళ్లీ ఆటుందిగా" అని వదిలేసింది.

మిగతా ఆటలకు వంటగదిలోంచి ఒకావిడను బదులు పెట్టించి, వాళ్లిద్దరినీ నేనే ఇంటికి తీసుకెళ్లాను. వెనక సీట్లో ఈనిడ్ మైలు దూరం దాకా కళ్లు మూసుకునే ఉంది. దివాణం గోడ అయిపోయి పొలాలు వచ్చాక మాట్లాడింది.

"నేనూ తాతా సిగ్గుతో దాచామనుకున్నావు కదూ."

రోడా ముందు సీట్లోంచి వెనక్కి తిరిగింది.

"వాళ్లు దాన్ని ఒకసారి వాడుకున్నారు, రెండోసారి వాళ్ల చేతికి ఇవ్వొద్దు అన్నాడే తాత. ఆయన అడిగింది అదొక్కటే. ఆమె దగ్గర ఇంకేం మిగిలింది గనక, వాళ్లకు తెలియకుండా ఉండటం తప్ప. ఆ గోడ పక్కన నడవాల్సి వస్తే తాత రోడ్డు దాటి అవతలి పక్కకు పోయేవాడు, తెలుసా నీకు? నేను ఆయన చెయ్యి పట్టుకుని దాటేదాన్ని. నూట నలభై ఏళ్లు ఎవరి నోటా పడకుండా ఉంది. తీసుకొచ్చి బజారున పెట్టావు."

"మంచి జరుగుతుందనుకున్నానమ్మా."

"అనుకునే ఉంటావు" అంది ఈనిడ్. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

ఆ తర్వాత ఆ ఇంట్లో కావలసిన మాటలు తప్ప మాటల్లేవు. మందులు వేసుకున్నావా. వేసుకున్నాను. కిటికీ మూయనా. మూయి. రోడా మర్నాడే ఇమోజెన్ దగ్గరికి వెళ్లి, ఆట ఆపమని బతిమాలింది. ఆపడం నా చేతుల్లో లేదంది ఇమోజెన్. పోనీ పేరైనా తీసేయండి, మేరీ అనో జేన్ అనో పెట్టుకోండి అంది రోడా. ఇమోజెన్ నొచ్చుకుంటూ ఆ సంతకం పెట్టిన కాగితం తీసింది. పేరూ, కథా, దాని నుంచి పుట్టే సమస్తమూ ట్రస్టువే. "జనం ఆ పేరు కోసమే వస్తున్నారు రోడా. అది నిజం పేరు కాబట్టే" అంది.

అక్టోబరులో ఈనిడ్‌కు ఛాతీలో నెమ్ము చేరింది. ఆసుపత్రిలో తొమ్మిది రోజులుంది. ఐదో రోజు నేను పళ్లు తీసుకుని వెళ్లేసరికి రోడా మంచం పట్టీ మీద తల ఆనించి, "నన్ను క్షమించమ్మా" అంటోంది.

"నాదేముందే, నేను క్షమించడానికి" అంది ఈనిడ్. "అడగాల్సింది ఆమెను. ఆమె లేదుగా."

తల మీద చెయ్యి వేస్తుందేమోనని చూశాను. వెయ్యలేదు. అరచెయ్యి దుప్పటి మీద అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత మాట పడిపోయింది.

అంత్యక్రియలకు ఏడుగురం వెళ్లాం. ట్రస్టు తరఫున పూలు వచ్చాయి, లావెండర్ కట్టతో సహా. రోడా ఆ కార్డు చింపలేదు, చదవలేదు, అలాగే ఉంచింది.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం వర్క్‌హౌస్ ఉన్న చోటికి తీసుకెళ్లమంది. అక్కడిప్పుడు ఆ భవనం లేదు, కొత్త ఇళ్లు వచ్చాయి. శవాలను పూడ్చిన స్థలం ఎక్కడా అని అడిగితే, రికార్డుల ఆఫీసువాళ్లు ఒక పాత పటం చూపించారు. సూపర్‌మార్కెట్ వెనక కార్లు పెట్టుకునే చోటు అది. వాన తుంపర పడుతోంది. ఏ గీతల మధ్య నిలబడాలో తెలియక రోడా ఒక ఖాళీ గడిలో నిలబడింది. పెదాలు కదిలాయి. ఏమందో నాకు వినపడలేదు. ఇంతలో ఒకాయన కారు మా దగ్గర ఆపి, అద్దం దించి, "మీరు వెళ్తున్నారా?" అని మర్యాదగానే అడిగాడు. ఆ చోటు ఆయనకు కావాలి. పక్కకు జరిగాం.

నాకు మోకాళ్లు పనిచేయక ఈ ఈస్టర్ నుంచి మానేశాను. రోడా మానలేదు. రోజుకు ఐదాటలట ఇప్పుడు. ఎలా చేస్తున్నావే అని అడిగితే, "నోరు అంటుంది మావిస్. నాకు వినపడదు" అంది.

ఫ్రేయా టీవీ వాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె బదులు ఇంకో అమ్మాయిని తెచ్చారు. దుప్పటి ఎలా పిండాలో, మూట ఎలా పట్టుకోవాలో, గేటు దాకా ఎంత నెమ్మదిగా నడవాలో ఆ అమ్మాయికి నేర్పే పని రోడాకే అప్పజెప్పారు. మొదటి రోజున ఆ పిల్ల అడిగిందట, "ఆమె ఎలాంటి మనిషండీ? మీకు తెలిసే ఉంటుంది కదా, మీ ఇంటి మనిషి."

"తెలియదమ్మా" అందట రోడా. "ఆ దుప్పటి అటు చివర పట్టుకో. తడిసింది బరువుగా ఉంటుంది, నడుం వంచకు."